రుమాలులో రెండు మాత్రలు

ఆమె పేరు ఇక్కడ రాయను. చిన్నప్పుడు ఎస్టేట్ మైదానంలో ప్రతిసారీ నా పేరు కంటే ముందు ఆమె పేరే పిలిచారు. ఇప్పుడు నా కాగితం మీద, నా చేత్తో, మళ్ళీ ఆమెనే ముందు పిలవడం నాకు ఇష్టం లేదు. ఎనభై దాటిన ముసలిదానికి ఇంత కుళ్ళేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది మలాయ్ దేశంలో, సుంగై పెటానికి దూరంగా, అడవి అంచున ఉన్న రబ్బరు తోట. మా నాన్న అక్కడ గుమాస్తా. ఆ గుమాస్తాని తోటలో కిరాణి అంటారు. తెల్లవారకముందే కూలీల హాజరు పిలవడం, ఎవరు ఏ వరస చెట్లు రబ్బరు పాల కోసం గీయాలో చెప్పడం, దొర ఇంగ్లీషులో విసుక్కున్నదాన్ని తెలుగులోకీ తమిళంలోకీ మార్చి అరవడం ఆయన పని. మాకు గచ్చు నేల ఇల్లు, వెనక వేరే వంటిల్లు, ముందు రెండు క్రోటన్ కుండీలు ఉండేవి. ఆమె వాళ్ళది కూలీల లైన్లలో, అంటే వరస గదుల ఇళ్ళలో, ఒక గది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, మా తాత విశాఖపట్నం నుంచి వచ్చాడు. అంత దగ్గర ఊళ్ళ వాళ్ళమని ఎవరైనా అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. మనం చదువుకుని వచ్చాం, వాళ్ళు వేలిముద్ర వేసి వచ్చారు అని రోజూ గుర్తు చేసేది.

అవి తెల్లదొరల ప్రభుత్వం విధించిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు ఉన్నారని లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర ఎప్పుడూ పోలీసులు. చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళు ఒక్క ముద్ద అన్నం కూడా బయటికి పట్టుకెళ్ళకూడదు. అడవిలో వాళ్ళకి అందిస్తారని అనుమానం. మందులైతే మరీ ప్రమాదం. ఒక్క మాత్ర దొరికినా పట్టుకెళ్ళి లోపల వేసేవాళ్ళు, కొందరిని ఇంటిల్లిపాదినీ ఇండియా ఓడ ఎక్కించేశారని కూడా చెప్పుకునేవారు. మగవాళ్ళని పోలీసు తడిమి చూసేవాడు. ఆడవాళ్ళని వెతకడానికి ఒక తమిళావిడ ఉండేది. ఆవిడ కొంగు దులిపించేది, రొంటి చూసేది, అనుమానం వస్తే కొప్పు విప్పించేది. చుట్టుపక్కల చాలా చోట్ల కంచెలు తీసేశారు గానీ, వెనకాల అడవి ఉండటం వల్ల మా గేటు మాత్రం దేశానికి మెర్దెకా వచ్చేదాకా, అంటే స్వతంత్రం వచ్చేదాకా, అలాగే ఉంది.

అయితే కిరాణి ఇంటివాళ్ళని ఆ తమిళావిడ ముట్టుకునేది కాదు. ఆవిడ హాజరు రాసేదీ మా నాన్నే మరి. నన్ను చూస్తే భుజం తట్టి, పో కణ్ణా అని పంపేసేది. నా వెనక ఆడవాళ్ళందరూ చేతులు చాపి నిలబడి ఉంటే నేనొక్కదాన్నే దాటిపోవడం నాకు ఎంతో గొప్పగా ఉండేది.

ఇక ఆటల సంగతి. ఏడాదికోసారి ఎస్టేట్ల మధ్య పోటీలు జరిగేవి. మా దొరకీ పక్క ఎస్టేట్ దొరకీ మధ్య పందెం ఒక పెట్టెడు విస్కీ. ఆ పెట్టె కోసం వాళ్ళు ఏ గడ్డి కరవడానికైనా సిద్ధం. ఒక ఏడాది మా దొర పట్నం నుంచి పోలీసు ఆటగాడిని తెచ్చి, మా తోటలో చెట్లు గీసేవాడని పుస్తకంలో రాయించాడు. రాసింది మా నాన్నే. ఆ గీసేవాడికి కత్తి ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. పక్క ఎస్టేట్ వాళ్ళు తమ గోల్‌కీపర్‌ని పెనాంగ్ నుంచి తెచ్చారు కాబట్టి వాళ్ళూ నోరెత్తలేదు. గడియారం పట్టుకునేది దొరలు, గెలుపు దారం పట్టుకునేది దొరలు, ఎవరు ముందు వచ్చారో చెప్పేదీ దొరలే.

మా ఎస్టేట్ ఆస్పత్రిలో డాక్టరు ఉండేవాడు కాదు. డ్రెస్సర్ అనే ఆయనే కట్టు కట్టడం నుంచి కాన్పు దాకా అన్నీ చూసుకునేవాడు. ఆటల బాధ్యత కూడా దొర ఆయనకే అప్పజెప్పాడు. తోట పక్కనే మిలిటరీ క్యాంపు. అందులో ఒక సిపాయి ఆయనకి స్నేహితుడు. అడవిలో నిద్రపోకుండా గస్తీ తిరగడానికి సిపాయిలకు ఇచ్చే తెల్ల మాత్రలు ఆయన చేతికి అలా వచ్చాయి. మొదట మా మైదానంలోనే జరిగిన ఫుట్‌బాల్ ఆటలో మా వాళ్ళకి వేశాడు. రెండో సగంలో మా వాళ్ళు పూనకం వచ్చినట్టు పరిగెత్తి గెలిచారు. మా గోల్‌కీపర్ మాత్రం ఆట అయ్యాక కూడా నోరు మూయలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడని వాళ్ళావిడ మా అమ్మ దగ్గరికి వచ్చి మొత్తుకుంది. మందు వేసుకుని ఆడటం తప్పన్న మాట అప్పుడు మా తోటలో నేను వినలేదు. మందుతో గేటు దాటడమే తప్పు. దాన్ని ఆటలో వాడుకోవడం డ్రెస్సర్ తెలివి అనుకున్నారు అందరూ.

ఇప్పుడు ఆమె సంగతికి వస్తాను. నాకంటే ఒక ఏడాది చిన్నది. ఎస్టేట్ బడిలో ఆరో తరగతి దాకా నా పక్కనే కూర్చుంది. తర్వాత నేను పట్నంలో ఇంగ్లీషు బడికి వెళ్ళాను, ఆమె తల్లితో చెట్లు గీయడానికి వెళ్ళింది. పొద్దున్నంతా వరస వరస చెట్ల మధ్య వంగి లేచి, రెండు చేతులా పాల బకెట్లు మోసుకొచ్చి, సాయంత్రం మైదానంలో పరిగెత్తేది. మా ఇద్దరి పరుగూ ఒకటే, రెండు వందల ఇరవై గజాలు. నేను బడిలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం మోచేతులు మడిచి, ఊపిరి లెక్క పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఆమె పావడా ఎగదోపి, తల కొంచెం పక్కకి వంచి, నోరు మూసుకుని పరిగెత్తేది. ప్రతిసారీ రెండు బారల ముందు ఉండేది. నాకు ఆమె మొహం కంటే వీపే బాగా గుర్తుంది.

గెలిచాక కాస్త టెక్కు చూపించినా నాకు హాయిగా ఉండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆమె అలా చేయదు. దారం దాటి, పావడా దించుకుని, తల్లికి నీళ్ళు పట్టాలని కుళాయి దగ్గరికి పోయేది. చప్పట్లు కొట్టేవాళ్ళు ఆమె ఎక్కడికి పోయిందా అని చూస్తుండేవాళ్ళు. నేను రొప్పుతూ అక్కడే నిలబడేదాన్ని, నాకోసం ఎవరూ చూడకపోయినా.

మెర్దెకా వచ్చే ఏడాది రాష్ట్రాలన్నిటి నుంచీ ఆటగాళ్ళని కౌలాలంపూర్ పిలుస్తున్నారని తెలిసింది. సుంగై పెటానిలో జరిగే పోటీలో మొదట వచ్చిన అమ్మాయి వెళ్తుంది. రెండో అమ్మాయి పేరు రాసుకుంటారు, మొదటి అమ్మాయికి ఏదైనా అయితే పిలుస్తారు. దొరకి ఆశ పుట్టింది. తన తోట కూలి పిల్ల కౌలాలంపూర్‌లో పరిగెత్తితే క్లబ్బులో చెప్పుకోవచ్చు. ఆమెకి రోజూ ఆస్పత్రిలో ఒక గుడ్డు, ఒక మగ్గు పాలు ఇవ్వమన్నాడు. మా ఇంట్లో గుడ్లు బుట్టెడు ఉండేవి. అయినా డ్రెస్సర్ ఒలిచి ఆమె చేతిలో పెట్టే ఆ గుడ్డు మీదే నా కన్ను. ఒకరోజు ఇంటికి వచ్చి అమ్మ పెట్టిన గుడ్డు వద్దని కంచం తోసేశాను. అమ్మకి ఏమీ అర్థం కాలేదు.

ఒక సాయంత్రం తోటలోనే పరుగు పరీక్ష పెట్టారు. దానికి ముందు ఆస్పత్రి కిటికీలోంచి చూశాను. డ్రెస్సర్ ఆమె అరచేతిలో తెల్ల మాత్ర పెట్టాడు. ఆమె నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. ఆ రోజు నా ముందు రెండు కాదు, నాలుగు బారలు ఉంది. ఇంకోసారి కూడా అలాగే జరిగింది. నేను డ్రెస్సర్ దగ్గరికి వెళ్ళి, అది నాకూ ఇవ్వండి అని అడిగాను. ఆయన నవ్వి, నీకెందుకమ్మా, చదువుకునే పిల్లవి, నిద్ర పట్టదు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది అన్యాయమని కాదు సుమా. అన్యాయం అయితే అయింది, అది చేయడానికి కూడా నేను పనికిరానని ఆయన తేల్చేశాడు, అదీ నా మంట.

పోటీ రోజు పొద్దున్నే లారీ సిద్ధం చేశారు. దొరసాని తన కూతురి తెల్ల బూట్లు తెచ్చి ఆమె కాళ్ళకి తొడిగింది. లైన్ల వాళ్ళంతా చూస్తున్నారు. మా నాన్న, మా సొంత నాన్న, ముందు డ్రైవరు పక్కన తనతో ఆమెని కూర్చోమన్నాడు. ఒళ్ళు అలవకూడదట. నన్ను వెనక ఎక్కమన్నాడు, ఫుట్‌బాల్ వాళ్ళతో, నీళ్ళ డ్రమ్ములతో. ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, నువ్వు రెండో స్థానం వస్తే చాలమ్మా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అది ఇంకా చెడ్డగా ఉంది.

లారీ గేటు దగ్గరికి వెళ్ళేముందు ఆమె దిగి వచ్చి నన్ను గిడ్డంగి పక్కకి పిలిచింది. డ్రెస్సర్ సంచిలో ఉన్న ప్రతి మందుకీ గేటులో చీటీ చూపించాలి. సిపాయి ఇచ్చిన మాత్ర చీటీలో ఎలా ఉంటుంది? అందుకని దాన్ని ఆమెకే ఇచ్చి, పరుగుకి అరగంట ముందు మింగమన్నాడట. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. ముడి మీద చెయ్యి తీయడం లేదు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మాయిగోరూ, ఇది కూసింత మీ కాడ ఉంచండి. నన్నయితే కొప్పు కూడా ఇప్పించి సూత్తాది. దొరికితే మా అయ్యని ఓడెక్కించేత్తారు. మిమ్మల్ని ముట్టుకోదు గదా."

నేను తీసుకున్నాను. నా దగ్గర అప్పటికే ఒక మాత్ర ఉంది. అది మలేరియా మాత్ర. అందరికీ మలేరియా మందు తప్పనిసరి. లైన్ల వాళ్ళకి హాజరు దగ్గర డ్రెస్సర్ సీసాలోంచి గరిటెతో నోట్లో పోసేవాడు, ఉమ్మేయకుండా మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు. కిరాణి ఇళ్ళకి మాత్రం మాత్రల బుడ్డి ఇచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోమని అమ్మ ఆ పొద్దున ఒకటి నా రుమాలులో కట్టింది. రెండూ తెలుపే. నాది రవ్వంత పెద్దది. మాత్ర రూపంలో ఆ మలేరియా మందుని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

గేటు దగ్గర అందరినీ దింపారు. ఆమె కొప్పు నిజంగానే విప్పించారు, దొరసాని తొడిగిన బూట్లు కూడా విప్పి దులిపారు. నన్ను భుజం తట్టి పంపేశారు. నా చేతిలో రుమాలు తడిసిపోయింది.

పట్నం వెళ్ళడానికి రెండు గంటలు పట్టింది. వెనక దుమ్ములో కూర్చుని అద్దంలోంచి ముందు వాళ్ళిద్దరినీ చూస్తూ ఉన్నాను. నాన్న ఆమెకి ఏదో చెబుతున్నాడు. ఆమె తలూపుతోంది. నాన్న జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. ఆయన జేబులో పిప్పరమెంట్లు నాకోసం ఉంటాయని నేను పదిహేనేళ్ళుగా నమ్ముతున్నాను. మాత్ర మార్చాలని అప్పుడు అనుకున్నాను. ముందుగా ఏ ఎత్తూ వేయలేదు, అప్పుడే, ఆ పిప్పరమెంటు దగ్గరే అనుకున్నాను.

మైదానంలో దిగాక ఆమె నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. రుమాలు విప్పి పెద్ద మాత్ర ఆమె చేతిలో పెట్టాను. ఆమె చూడను కూడా చూడలేదు, మింగి నీళ్ళు తాగింది. సేదు, అంది. నేను ఆడవాళ్ళ మరుగుదొడ్డి వెనక్కి వెళ్ళి రెండోది వేసుకున్నాను. అది కూడా చేదే.

అరగంట గడిచేసరికి నా నోరు ఎండిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మైదానం చుట్టూ ఉన్న మనుషులు ఒక్కొక్కరూ విడివిడిగా కనిపించారు, వాళ్ళ గొడుగుల పుల్లలు కూడా. నన్ను మించినవాళ్ళు లేరనిపించింది. ఆ అరగంటలో నాకు ఎవరి మీదా కుళ్ళు లేదు. అంత సుఖం మళ్ళీ ఎరగను. తుపాకి పేలకముందే ఒకసారి ఉరికాను, వెనక్కి పిలిచారు. రెండోసారి సరిగ్గా బయల్దేరాను.

నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. మిగతా పిల్లలు ఎక్కడున్నారో కూడా తెలియలేదు. వంపు తిరిగేసరికి నా ముందు ఎవరూ లేరు. దారం కనిపించింది. అప్పుడు పక్కనుంచి ఆ వీపు వచ్చింది, తల కొంచెం పక్కకి వంచి, దొరసాని తొడిగిన బూట్లు టపటపలాడుతూ. రెండు బారలు. ఎప్పుడూ ఉండే రెండు బారలే.

మా దొర టోపీ ఎగరేశాడు. మా నాన్న గంతులేశాడు. ఆమె ఈసారి కుళాయి దగ్గరికి పోలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "మాత్తర బాగా పని సేసినాదండి. మీరు దాటించబట్టి," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పళ్ళు బిగించి నిలబడ్డాను. అప్పటిదాకా నాకు సాకులు ఉండేవి. గుడ్డు, పాలు, బూట్లు, మాత్ర. ఒక్కొక్కటీ తీసి చూసుకుని ఓదార్చుకునేదాన్ని. ఆ రోజుతో అన్నీ పోయాయి. ఆమె తన కాళ్ళ బలంతోనే గెలిచింది, నేను మందు మింగి ఓడాను. ఈ సంగతి ప్రపంచంలో తెలిసినది నాకొక్కదానికే.

కౌలాలంపూర్ వెళ్ళడానికి ఇంకా మూడు వారాలు ఉందనగా మిలిటరీ క్యాంపు ఎత్తేశారు. సిపాయి పోయాడు, మాత్రలూ పోయాయి. డ్రెస్సర్ ఆమెకి ఆ మాటే చెప్పాడు, మాత్ర లేకుండా ఎలా పరిగెత్తుతావో చూద్దాం పద అని మైదానానికి తీసుకెళ్ళాడు. ఆమె భయపడిపోయింది. బయల్దేరేటప్పుడే కాళ్ళు తడబడ్డాయి. రెండోసారి సగంలో ఆగిపోయింది. డ్రెస్సర్ గడియారం చూసి పెదవి విరిచాడు. నేను మైదానం అవతల గట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మా పెరటి మెట్ల దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా వాళ్ళు వచ్చేవారు కాదు, మేమూ రమ్మనేవాళ్ళం కాదు. కింద మెట్టు మీద కూర్చుంది. చేతులకి రబ్బరు పాల చారలు ఇంకా ఉన్నాయి. ఏమిటని అడిగాను.

"మాత్తర సంగతి తెలిసినోళ్ళు మీరే. నాను సిన్నప్పట్నించీ పరిగెత్తడం సూసినోళ్ళూ మీరే. సత్తెం సెప్పండి. అది నేకుండా నాను గెలవగలనా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నువ్వు మింగింది మలేరియా మాత్ర, అంతే. ఐదారు మాటలు. అవి నా నాలుక మీదకి వచ్చాయి కూడా. ఆమె నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపులో నా మీద ఎంత నమ్మకం ఉందంటే, నేను ఏం చెబితే అది చేసేలా ఉంది. రెండో పేరు నాదని నాకు గుర్తుంది. చెబితే ఆ పేరు పేపరు మీదే ఉండిపోతుందని కూడా గుర్తుంది.

"ఏమో," అన్నాను. "అక్కడ అందరూ పెద్ద పెద్ద వాళ్ళు వస్తారట."

ఆమె కాసేపు మెట్టు మీద గోటితో గీసింది. అలాగేనండి అని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు వాళ్ళ నాన్న హాజరు దగ్గర మా నాన్నతో పిల్లకి జ్వరమని, పంపలేమని చెప్పాడు. దొర రెండు రోజులు అందరినీ తిట్టాడు. తర్వాత నా పేరు పంపారు.

కౌలాలంపూర్ రైలులో నాన్న నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి పిప్పరమెంట్లు ఇచ్చాడు. మా రాష్ట్రం రంగు బనియను తొడుక్కున్నాను. ఆరుగురిలో ఐదో స్థానంలో వచ్చాను. ఆరో అమ్మాయి వంపులో పడిపోయింది. నాన్న అయినా సంతోషించాడు. కొద్ది రోజులకే మెర్దెకా వచ్చింది. తోటలో కొత్త జెండా ఎగరేసి, కౌలాలంపూర్‌లో పరిగెత్తిన పిల్లనని నా చేత మిఠాయి పంచించారు. వరసలో ఆమె కూడా వచ్చింది. చెయ్యి చాపి మిఠాయి తీసుకుని, బాగా పరిగెత్తినారంట గదా అమ్మాయిగోరూ అని నవ్వింది. ఆ మాటలో వెటకారం వెతికాను. ఒక్క పిసరు దొరికినా బతికిపోయేదాన్ని. లేదు.

ఆమె ఆ తర్వాత ఎప్పుడూ పరిగెత్తలేదు. అయినా నా కుళ్ళు తగ్గలేదు. లైన్ల పిల్లలు పరుగు పందేలాడుకుంటే తల పక్కకి వంచి పరిగెత్తేవాళ్ళు. నా మోచేతుల పద్ధతి ఒక్కళ్ళూ పట్టించుకోలేదు. నేను టీచరునయ్యాను, కౌలాలంపూర్ దగ్గర క్లాంగ్‌లో ఆఫీసు ఉద్యోగిని పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేశాను. ఆమె చెట్లు గీసి గీసి, తోట ముక్కలుగా అమ్మేశాక సుంగై పెటానిలో ఏదో ఫ్యాక్టరీలో చేరిందని విన్నాను. అరవై ఏళ్ళ పైన మేం ఒకరినొకరం చూసుకోలేదు.

మొన్న క్లాంగ్‌లో మా బంధువుల పెళ్ళికి ఆమె మగపెళ్ళి వారి వైపు నుంచి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర నా ఎదురుగానే కూర్చోబెట్టారు. నన్ను ముందు గుర్తుపట్టింది ఆమే. ఇప్పుడు అమ్మాయిగోరు లేదు, "అప్పా" అని పిలిచింది, మా వైపు అక్కని పిలిచినట్టు. పక్కన మనవరాలు, పదమూడేళ్ళు ఉంటాయి, బడిలో పరుగు పందేలకి వెళ్తుందట. పిల్ల కాళ్ళు పొడుగ్గా ఉన్నాయి. ఆ వయసు మనవరాలు నాకూ ఉంది, అది సోఫా దిగదు. అన్నం తినకముందే నా కడుపు నిండిపోయింది.

బల్ల దగ్గర ఎవరో ఫోనులో వార్త చదివారు. ఎక్కడో పెద్ద పరుగు వీరుడు మందు వాడి దొరికిపోయాడని, పతకం వెనక్కి తీసుకున్నారని. తలా ఒక మాట అన్నారు. ఆమె పాయసం గ్లాసు కింద పెట్టి, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర మలాయ్ 'లా' తగిలించి, మనవరాలితో అంది:

"నానూ ఆ బాపతే లా. సిన్నప్పుడు ఒకసారి గెలిసినాను. మందేసుకుని గెలిసినాను. ఆ పరుగు నాది కాదు."

పిల్లకి తెలుగు అంతంత మాత్రం. మందు, గెలుపు అన్న రెండు మాటలు పట్టుకుంది. అమ్మమ్మ చీటింగా, అని తమిళంలో అడిగి పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. తలదించుకుని గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది. ఈ మాట ఆమె ఇదే మొదటిసారి చెప్పడం కాదని ఆ తలదించుకోవడంలోనే తెలిసిపోయింది. మొగుడికి చెప్పుకుని ఉంటుంది, పిల్లలకి చెప్పి ఉంటుంది, ఎవరైనా మెచ్చుకోబోతే ముందుగానే చెప్పేసి ఉంటుంది. ఆమె గెలవడం నేను ఏనాడూ ఓర్చుకోలేకపోయాను. ఇది కూడా ఓర్చుకోలేకపోయాను.

చెప్పేశాను. రుమాలు, రెండు మాత్రలు, మలేరియా మందు, అన్నీ. ఆమె మొదట ఊరికే వింటోంది. తర్వాత గ్లాసు వదిలేసింది.

"మరి నా మాత్తర ఏటైనాది?"

"నేను మింగాను."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మాత్తరేసుకుని కూడా నా ఎనకాలే వచ్చినావా అప్పా?" అంది, అని నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు, కళ్ళు తుడుచుకుంటూ, బల్ల చరుస్తూ నవ్వింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. నాకు ఒళ్ళు మండింది. చూడండి, ఎనభై దాటాక, తప్పు ఒప్పుకుంటూ కూర్చుని, ఆమె నవ్వు మీద నాకు మంట. నేను ఏనాడూ అలా నవ్వలేదు.

తర్వాత నవ్వు ఆగింది. ఉన్నట్టుండి ఆగింది. ఆమె ముందుకి వంగింది.

"మీ పెరటి మెట్ల కాడ కూకోని అడిగినాను గదా. అప్పుడు సెప్పలేదేటి?"

"కుళ్ళు," అన్నాను.

ఇంకేమీ చేర్చలేదు. చిన్నదాన్నని గానీ, భయపడ్డానని గానీ అనలేదు. ఆమె క్షమించానని అనలేదు, తిట్టలేదు. వడ్డించేవాడు అరిటాకు మీద పెరుగు పోసి పోయాడు. మనవరాలు ఏమిటి ఏమిటని ఆమె చెయ్యి లాగుతోంది. ఆమె పిల్ల వైపు తిరిగి తమిళంలో మొత్తం చెప్పింది, మధ్యలో మలాయ్ మాటలు కలుపుకుంటూ. పిల్ల నన్ను గుడ్లప్పగించి చూసింది. చివరికి అమ్మమ్మని అడిగింది, అయితే నువ్వు కౌలాలంపూర్ వెళ్ళి ఉంటే గెలిచేదానివా అని.

ఆమె నా వైపు చూసింది. పిల్ల కూడా నా వైపు తిరిగింది.

"గెలిచేది," అన్నాను.

తెలుగులో అన్నాను, పిల్లకి అర్థం కాలేదు. మళ్ళీ తమిళంలో చెప్పాను.